శంషాబాద్‌లో దిగి శామీర్‌పేట చేరేదాకా

2020 డిసెంబరు 9న అరవైకి పైగా దేశాల రాయబారులు, హైకమిషనర్లు ఒక్కరోజే హైదరాబాద్‌ వచ్చారు. వాళ్లు వచ్చింది చార్మినార్‌ చూడటానికి కాదు, గోల్కొండ ఎక్కడానికీ కాదు. శామీర్‌పేట దగ్గరి బయోటెక్‌ కేంద్రం జీనోమ్‌ వ్యాలీలో భారత్‌ బయోటెక్‌, బయోలాజికల్‌ ఇ సంస్థల కొవిడ్‌ టీకా పని ఎంతవరకు వచ్చిందో కళ్లారా చూడటానికి. అంతకు పదకొండు రోజుల ముందు, నవంబరు 28న, ప్రధాని నరేంద్ర మోదీ అదే పని మీద ఇటు వచ్చినప్పుడు ఆయన విమానం శంషాబాద్‌ విమానాశ్రయంలో దిగలేదు. శామీర్‌పేట దారిలోనే ఉన్న హకీంపేట వైమానిక స్థావరంలో దిగింది.

ప్రధానికి హకీంపేట ఉంటుంది, రాయబారులకు వెంట అధికారులు ఉంటారు. మామూలు విదేశీ అతిథికి ఉండేవి ఓ సూట్‌కేసు, ఫోన్లో ఓ చిరునామా.

అలాంటి అతిథులు నగరం ఉత్తరపు కొసకు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. 1999లో మొదలైన జీనోమ్‌ వ్యాలీకి శాస్త్రవేత్తలు, తనిఖీ నిపుణులు, యంత్రాలు బిగించే ఇంజినీర్లు వస్తారు. 1998లో ఏర్పడిన నల్సార్‌ న్యాయ విశ్వవిద్యాలయానికి, 2008లో తరగతులు మొదలుపెట్టిన బిట్స్‌ పిలానీ హైదరాబాద్‌ ప్రాంగణానికి ఆచార్యులు, విద్యార్థులు వస్తారు. మేడ్చల్‌ దగ్గర ఘనపూర్‌లోని మెడిసిటీ ఆస్పత్రి, వైద్య కళాశాల అమెరికాలోని తెలుగు వైద్యుల చొరవతో వెలిసినవి. పిట్స్‌బర్గ్‌ విశ్వవిద్యాలయంలో గుండె వైద్యుడిగా పనిచేసిన డాక్టర్‌ పి.ఎస్‌. రెడ్డి ఆ పనికి ముందు నిలిచారు. ఇక కొంపల్లి, గుండ్లపోచంపల్లి, మేడ్చల్‌ కాలనీల్లో అమ్మమ్మ ఇంటికి సెలవులకు వచ్చే పిల్లల్లో చాలామంది జేబులో ఉండేది అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్‌ పాస్‌పోర్టే.

హైదరాబాద్‌ గురించి విదేశీయుల కోసం రాసిన పుస్తకాలు పాతబస్తీలో మొదలై, హైటెక్‌ సిటీ మీదుగా తిరిగి, ఉత్తరాన సికింద్రాబాద్‌ గడియార స్తంభం దగ్గర ఆగిపోతాయి. ఆపైన మూడు పదుల కిలోమీటర్లకు చెప్పేవాళ్లు లేరు. కాబట్టి ఆ సమాచారం ఇవ్వాల్సింది అతిథిని పిలిచినవాళ్లే: ఆహ్వానించిన సంస్థ, గది అద్దెకిచ్చిన యజమాని, మనవడి కోసం ఎదురుచూసే తాతయ్య. ఈ కథనం ముఖ్యంగా వాళ్ల కోసం.

మొదట పేర్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఎక్కువ మంది దారి తప్పేది అక్కడే. తెలుగు చెవికి శంషాబాద్‌కూ శామీర్‌పేటకూ పోలికే లేదు. కొత్తగా విన్నవాళ్లకు రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి, ఆ రెండూ నగరానికి చెరో చివరన ఉన్నాయి. బేగంపేట, అమీర్‌పేట, హకీంపేట, శామీర్‌పేట వరుసగా చెబితే వినేవాళ్లకు మిగిలేది ‘పేట’ ఒక్కటే. జీనోమ్‌ వ్యాలీ పక్కన లాల్‌గడి మలక్‌పేట అనే ఊరుంది. మొదటి సగం వదిలేసి ‘మలక్‌పేట’ అని టైపు చేస్తే ఫోను మూసీ పక్కన ఉన్న మలక్‌పేటకు దారి చూపిస్తుంది. జీనోమ్‌ వ్యాలీ ఉన్న తుర్కపల్లి ఒకటైతే, యాదాద్రి భువనగిరి జిల్లాలో మండల కేంద్రమైన తుర్కపల్లి మరొకటి. మేడ్చల్‌ దారిలోది గుండ్లపోచంపల్లి, ఇక్కత్‌ చీరల ఊరు భూదాన్‌ పోచంపల్లి. బిట్స్‌ చిరునామాలో జవహర్‌నగర్‌, కాప్రా మండలం అని ఉంటుంది, అక్కడికి వెళ్లేవాళ్లు మాత్రం శామీర్‌పేట రోడ్డు అంటారు.

అందుకే పేరు ఒక్కటే పంపితే చాలదు. పిన్‌కోడ్‌ కూడా రాయాలి: బిట్స్‌కూ తుర్కపల్లి జీనోమ్‌ వ్యాలీకీ 500078, నల్సార్‌కు 500101, మేడ్చల్‌కు 501401. మ్యాప్‌లో గేటు దగ్గర పెట్టిన గుర్తు పంపాలి, ప్రాంగణం మధ్యలో పెట్టింది కాదు. వందల ఎకరాల ప్రాంగణాల వెనక గోడ దగ్గరికి కారు పోయి ఆగితే, ముందు గేటుకు రావడానికి మళ్లీ కిలోమీటర్లు తిరగాలి. ఊరి పేరు తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాసిన చీటీ ఒకటి అతిథి ఫోన్లో ఫొటోగా ఉండటం మంచిది. భాష రాకపోయినా డ్రైవర్‌కు చూపిస్తే పనైపోతుంది.

రెండో సంగతి రోడ్లు. సికింద్రాబాద్‌ దాటాక దారి పంగల కర్రలా రెండుగా చీలుతుంది. ఎడమ చీలిక 44వ నంబరు జాతీయ రహదారి, జనం నోట నాగ్‌పూర్‌ రోడ్డు. బోయిన్‌పల్లి, సుచిత్ర, కొంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్‌ పోతుంది. కుడి చీలిక రాజీవ్‌ రహదారి, అంటే కరీంనగర్‌ రోడ్డు. జూబ్లీ బస్‌ స్టేషన్‌, కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్‌, బొల్లారం, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట చేరి, ఇంకా ముందుకు తుర్కపల్లికి పోతుంది. మ్యాప్‌ మీద మేడ్చల్‌, శామీర్‌పేట పక్కపక్కనే కనిపిస్తాయి. కానీ ఒక రోడ్డెక్కి రెండో ఊరికి పోవాలంటే మధ్యలో అడ్డంగా కోయాలి. బస్సులో వచ్చేవాళ్లకు అది పెద్ద కష్టం. ఏ రోడ్డు మీద దిగాలో ముందే చెప్పి పంపడం పిలిచినవాళ్ల బాధ్యత.

విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లకు ఈ చీలిక బాధ లేకుండా చేసింది ఔటర్‌ రింగ్‌ రోడ్డు. 2008 మార్చిలో విమానాలు బేగంపేట వదిలి శంషాబాద్‌కు మారినప్పుడు నగరం ఉత్తరాన ఉన్నవాళ్లకు విమానం ఒక్కసారిగా దూరమైంది. 158 కిలోమీటర్ల ఔటర్‌ పూర్తయ్యాక ఆ దూరం కిలోమీటర్లలో తగ్గలేదు కానీ గంటల్లో తగ్గింది. శంషాబాద్‌ ఎగ్జిట్‌ నంబరు 16, మేడ్చల్‌ది 6, శామీర్‌పేటది 7. వలయంలో ఇంచుమించు ఎదురెదురు. పడమటి వైపు గచ్చిబౌలి, పటాన్‌చెరు మీదుగా రావచ్చు, తూర్పు వైపు పెద్ద అంబర్‌పేట, ఘట్‌కేసర్‌, కీసర మీదుగానూ రావచ్చు. దిగాక సామాను, ఇమిగ్రేషన్‌ కాకుండా కారుకే గంటన్నర పెట్టుకోవాలి. నగరం మధ్యనుంచి వస్తే దూరం తక్కువే, కానీ సాయంత్రం ప్యారడైజ్‌ కూడలి, తిరుమలగిరి దాటడానికే చాలా సమయం పడుతుంది. ఔటర్‌ మీదికి ఆటోలను, ద్విచక్ర వాహనాలను రానివ్వరు. యాప్‌లో బైకు చౌకగా కనిపించిందని విమానాశ్రయం నుంచి బుక్‌ చేసుకోవద్దని అతిథికి ముందే చెప్పాలి.

బస్సు కావాలంటే ఆర్టీసీ ‘పుష్పక్‌’ ఏసీ బస్సులు విమానాశ్రయం నుంచి సికింద్రాబాద్‌ వైపు వస్తాయి. జూబ్లీ బస్‌ స్టేషన్‌లో దిగితే రాజీవ్‌ రహదారి అక్కడే మొదలు. సిద్దిపేట, కరీంనగర్‌ బస్సులన్నీ శామీర్‌పేట మీదుగానే పోతాయి, కానీ అన్నీ ఆపవు. ఎక్కే ముందే కండక్టర్‌ను అడగాలి. మేడ్చల్‌కైతే సికింద్రాబాద్‌ నుంచి 229 నంబరు సిటీ బస్సు ఏళ్లుగా నడుస్తోంది. ఊళ్ల పేర్లు తెలుగులో ఉన్నా బస్సు నంబరు అంకెల్లో ఉంటుంది, విదేశీయుడికి ఆ అంకే ఆధారం. ఇక్కడ ఒక చిన్న విషయం తరచూ గొడవకు దారితీస్తుంది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంలో ఉచిత ప్రయాణం తెలంగాణలో నివసిస్తున్నట్టు గుర్తింపు కార్డు చూపగల మహిళలకే. పక్క సీట్లలో ఆడవాళ్లందరూ డబ్బులివ్వకుండా కూర్చుంటే విదేశీ అమ్మాయి తనకూ అంతే అనుకుంటుంది. ఆమె టికెట్‌ తీసుకోవాలి. ఈ ముక్క ముందే చెబితే కండక్టర్‌ ముందు ఆమె ఇబ్బంది పడదు.

మేడ్చల్‌కు రైలు కూడా ఉంది. ఇది నిజాం కాలంలో హైదరాబాద్‌ నుంచి మన్మాడ్‌ దాకా మీటర్‌ గేజ్‌గా వేసిన గోదావరి వ్యాలీ దారి. 2023 ఏప్రిల్‌ 8న దీని మీద సికింద్రాబాద్‌–మేడ్చల్‌ ఎంఎంటీఎస్‌ లోకల్‌ రైలు మొదలైంది. అల్వాల్‌, బొల్లారం, గుండ్లపోచంపల్లి, గౌడవల్లి మీదుగా చెట్ల మధ్య నుంచి వెళ్లే ఈ ప్రయాణం చాలా చౌక, ట్రాఫిక్‌ బెడద లేదు. అయితే రైళ్లు తక్కువ, వేళ చూసుకోకుండా స్టేషన్‌కు వెళ్తే ప్లాట్‌ఫారం మీద కాలం గడపాలి. మెట్రో సంగతి మాత్రం స్పష్టంగా చెప్పాలి. 2020 ఫిబ్రవరిలో తెరిచిన ఆకుపచ్చ లైను జూబ్లీ బస్‌ స్టేషన్‌ (జేబీఎస్‌) దగ్గరే ఆగిపోతుంది. మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మెట్రో వేస్తామని 2025 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. ఇంకా కట్టని ఆ లైనుకు మ్యాప్‌లో గీసిన గీత చూసి రైలు వస్తుందని నమ్మి దిగిన అతిథి జేబీఎస్‌ దగ్గర ఆటోలు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక కాగితాలు. ఇవి విసుగు పుట్టించే విషయాలే, కానీ ఇక్కడ చేసిన పొరపాటు చివరి రోజు విమానాశ్రయంలో బయటపడుతుంది. మన దేశంలో ఈ-వీసా 2014 నవంబరులో తొమ్మిది విమానాశ్రయాల్లో మొదలైంది, వాటిలో హైదరాబాద్‌ ఒకటి. దరఖాస్తు ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చేయాలి. చిరునామా చివర ‘గవ్‌ డాట్‌ ఇన్‌’ లేకపోతే అది దళారి సైటని అనుమానించాలి. 2025 అక్టోబరు 1 నుంచి విదేశీయులు విమానంలో ఇచ్చే కాగితం కార్డు బదులు ఈ-అరైవల్‌ కార్డును రావడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపే పద్ధతి వచ్చింది. ఎల్లో ఫీవర్‌ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చేవాళ్లకు టీకా ధ్రువపత్రం తప్పనిసరి. ఆ సూది ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని ఉండాలి.

అతిథికి చోటిచ్చినవాళ్లకూ ఒక బాధ్యత ఉంది, అది చాలామందికి తెలియదు. విదేశీయుడు దిగిన 24 గంటల్లో ఆ వివరాలను ఇమిగ్రేషన్‌ అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. జనం దీన్ని చాలాకాలంగా ‘ఫారం సి’ అంటున్నారు. పెద్ద హోటళ్లు, శామీర్‌పేట చుట్టూ ఉన్న రిసార్టులు ఇది వాటంతటవే చేస్తాయి. తూంకుంటలో రెండు గదులు అద్దెకిచ్చిన యజమానికీ, హాస్టల్‌ నడిపేవాళ్లకూ ఇదే నియమం. ఆరు నెలలకు మించిన వీసా మీద వచ్చే విద్యార్థులు, పరిశోధకులు వచ్చిన పద్నాలుగు రోజుల్లో విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌వో)లో నమోదు చేసుకోవాలి. 2018 నుంచి ఈ పని ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసుకునే వీలుంది. ఓసీఐ కార్డున్న ప్రవాస తెలుగువాళ్లకు ఈ నమోదు అక్కర్లేదు. వాళ్లకు ఇంకో వెసులుబాటు కూడా ఉంది. చార్మినార్‌, గోల్కొండల్లో భారతీయులకు టికెట్‌ 25 రూపాయలు, విదేశీయులకు 300. ఓసీఐ కార్డు చూపిస్తే భారతీయుల టికెట్టే. తాతయ్యతో గోల్కొండ వెళ్లే మనవరాలు ఆ కార్డు ఇంట్లో మరిచిపోకూడదు.

డబ్బు దగ్గర ప్రవాసులు పడే అవస్థ విదేశీయుల కంటే వేరు. పోయినసారి వచ్చినప్పుడు పర్సులో మిగిలిపోయిన రెండు వేల నోటు తీసి ఇస్తారు, దుకాణదారు తల అడ్డంగా ఊపుతాడు. ఆ నోట్లను 2023 మే నెలలో రిజర్వు బ్యాంకు వెనక్కి పిలిచింది. ఇప్పుడు వాటిని మార్చుకోవాలంటే రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయానికే వెళ్లాలి, హైదరాబాద్‌లో ఒకటుంది. విదేశీయులకు అసలు చిక్కు యూపీఐ. కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా క్యూఆర్‌ కోడ్‌ వేలాడుతుంటుంది, విదేశీ బ్యాంకు ఖాతా దానికి పనిచేయదు. పాస్‌పోర్టు చూపి ముందుగా డబ్బు నింపుకునే యూపీఐ వాలెట్లు 2023 జీ20 సమావేశాల నాటి నుంచి ఉన్నాయి. అవి తీసుకునే ఓపిక లేనివాళ్లు వంద, యాభై నోట్లు దగ్గర ఉంచుకోవాలి. తుర్కపల్లి రోడ్డు పక్కన అయిదు వందల నోటుకు చిల్లర అడిగితే దొరక్కపోవచ్చు.

ఫోన్‌ నంబరు లేకపోతే ఇక్కడ ఏ పనీ సాగదు. క్యాబ్‌, భోజనం, రైలు టికెట్‌ అన్నింటికీ ఓటీపీ వస్తుంది. సిమ్‌ కోసం పాస్‌పోర్టు, వీసా, ఫొటో ఇవ్వాలి. సిమ్‌ పనిచేయడం మొదలయ్యేదాకా ఆతిథ్యమిచ్చినవాళ్లే తమ ఫోన్‌ నుంచి కారు బుక్‌ చేసి, డ్రైవర్‌తో తెలుగులోనో హిందీలోనో మాట్లాడితే అతిథికి సగం బరువు దిగిపోతుంది. ఎగుడుదిగుడు ఇంగ్లీషుతో డ్రైవర్‌కు ‘నీలం గేటు’ వివరించడం ఎవరికైనా కష్టమే.

అత్యవసరానికి గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండే, పోలీసుకు 112, అంబులెన్స్‌కు 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ దేశంలో ఎన్నో రాష్ట్రాలకు పాకింది. దాన్ని నడిపే ఈఎంఆర్‌ఐ ప్రధాన కార్యాలయం మేడ్చల్‌ దారిలోని దేవరయంజాల్‌లోనే ఉంది. ఊరి మధ్య పాత సీతారామస్వామి గుడి, ఊరి అంచున దేశమంతా తెలిసిన అంబులెన్స్‌ సంస్థ. పర్యాటక మంత్రిత్వ శాఖ 1363 నంబరులో హిందీ, ఇంగ్లీషుతో పాటు పది విదేశీ భాషల్లో సమాధానమిస్తుంది. జపాన్‌ నుంచి, అరబ్బు దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఆ నంబరు రాసివ్వాలి.

ఈ దారిలో ఫొటోల విషయంలో జాగ్రత్త అవసరం. బొల్లారం, తిరుమలగిరి కంటోన్మెంట్‌ ప్రాంతాలు. హకీంపేటలో వైమానిక దళ స్థావరం, కొంత పడమటగా దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉన్నాయి. శిక్షణ విమానాలు నెత్తి మీద తిరుగుతుంటే ఫోన్‌ తీయాలనిపిస్తుంది. ప్రహరీల వైపు, గేట్ల వైపు కెమెరా ఎత్తకూడదని, డ్రోన్‌ సూట్‌కేసులోంచి బయటికే తీయకూడదని మొదటి రోజే చెప్పాలి.

పని అయ్యాక ఒక పూట మిగిలితే పాతబస్తీ దాకా పరుగెత్తాల్సిన పనిలేదు. బొల్లారంలో రోడ్డు మీదే రాష్ట్రపతి నిలయం ఉంది. 1860లో కట్టిన ఈ భవనం బ్రిటిష్‌ రెసిడెంట్ల విడిదిగా ఉండి, 1950లో రాష్ట్రపతి విడిది అయింది. పూర్వం శీతాకాలంలో కొద్ది రోజులే జనాన్ని రానిచ్చేవారు. 2023 మార్చి నుంచి రాష్ట్రపతి ఉన్న రోజులు, సోమవారాలు తప్పిస్తే ఏడాదంతా చూడవచ్చు. తోటలు, పాత మెట్ల బావులు చూస్తూ రెండు గంటలు ఇట్టే గడుస్తాయి. మేడ్చల్‌ జిల్లా తూర్పు వైపున కీసరగుట్ట మీద రామలింగేశ్వరుడి గుడి, విష్ణుకుండినుల కాలపు కట్టడాల ఆనవాళ్లు ఉన్నాయి. మహాశివరాత్రి జాతర రోజుల్లో మాత్రం ఆ వైపు కారులో వెళ్లడం వృథా. అలియాబాద్‌ దగ్గర రత్నాలయం గుడికి వెళ్లేవాళ్లు చెప్పులు బయట వదలాలి, ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాళ్ల మీద నడవలేక కాళ్లు కాలతాయి. సాక్సులు వేసుకుని వెళ్లమని చెప్పడం మర్యాదే.

ఒకప్పుడు మేడ్చల్‌, శామీర్‌పేట అంటే ద్రాక్ష. హైదరాబాద్‌ పేరు మోసిన అనాబ్‌-ఎ-షాహి రకం ఈ నేలల్లో విరగకాసేది. తోటల్లో చాలావరకు ప్లాట్లయ్యాయి, ఫంక్షన్‌ హాళ్లయ్యాయి. ఆ పందిళ్లు పోవడం చూసినవాళ్లకు ఇప్పటికీ మనసులో కలుక్కుమంటుంది. మిగిలిన కొన్ని తోటల్లోకి ఫిబ్రవరి, మార్చి నెలల్లో కుటుంబాలు వెళ్లి గుత్తులు కోసుకుని తూకం వేయించుకుంటాయి. ఆ కాలంలో వచ్చిన అతిథిని అక్కడికి తప్పకుండా తీసుకెళ్లాలి. నగరం ఎంత నేల మింగి పెరిగిందో ఏ మ్యూజియం కన్నా ఆ పందిరి నీడ బాగా చెబుతుంది.

భోజనం దగ్గర రెండు మాటలు నేర్పితే అతిథి బతికి బట్టకడతాడు: ‘కారం తక్కువ’, ‘చాలు’. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతికి పేరొందిన సృజనాత్మక నగరాల్లో చేర్చింది, ఆ గౌరవం బిర్యానీకే కాదు. జొన్నరొట్టె, పప్పు, తలకాయ కూర, సర్వపిండి ఈ వైపు ఇళ్లలో దొరికినంత రుచిగా హోటళ్లలో దొరకవు. ‘చాలు’ అన్నాక కూడా ఇంకో గరిటె పడుతుందని, అది బలవంతం కాదు ప్రేమ అని వివరించాలి. నీళ్లు మాత్రం వడపోసినవో, మూత సీలు ఉన్న సీసావో ఇవ్వాలి. ఏప్రిల్‌, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఎంచుకునే వీలుంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా రమ్మనడం మేలు.

తిరుగు ప్రయాణానికి లెక్క ముందే వేసుకోవాలి. హైదరాబాద్‌ నుంచి విదేశీ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య బయల్దేరతాయి. తెల్లవారుజామున రెండు గంటల విమానమైతే పదకొండుకల్లా విమానాశ్రయంలో ఉండాలి, అంటే శామీర్‌పేటలో తొమ్మిదింటికే కారెక్కాలి. కారు యాప్‌లో అప్పటికప్పుడు వెతక్కుండా మధ్యాహ్నమే మాట్లాడి పెట్టుకోవాలి, తుర్కపల్లి లోపలికి రాత్రిపూట వచ్చే కార్లు తక్కువ. అలా చేస్తే సాయంత్రం ఖాళీగా ఉంటుంది. ఆ కాస్త సమయంలో అతిథిని శామీర్‌పేట చెరువు కట్ట దాకా తీసుకెళ్లవచ్చు. పొద్దు వాలాక గాలి చల్లబడుతుంది, రోడ్డు పక్కన చేపలు వేయించే వాసన వస్తుంది, నీళ్ల అవతల గుట్టలు నల్లబడతాయి. ఎనిమిదిన్నరకు గదికి చేరి సూట్‌కేసు తీసుకోవడానికి సరిపోతుంది.